చుక్కల మందు మానితేనే ముక్కు తెరుచుకుంటుంది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 36 ఏళ్లు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. ఐదారేళ్లుగా పొద్దున లేవగానే వరసబెట్టి తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు, కళ్లు దురద. రాత్రి పడుకుంటే ముక్కు దిబ్బడ. ఎటు ఒత్తిగిలితే అటువైపు మూసుకుపోతుంది. రెండేళ్ల కిందట మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు. మొదట్లో రాత్రికి ఒకసారి వేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు మూడు నాలుగు గంటలకోసారి వేసుకోకపోతే ఊపిరాడదు. సీసా దిండు కింద లేకపోతే నిద్ర పట్టదు. ఒకచోట స్కానింగ్ తీయించి, ముక్కు దూలం ఎడమకు వంకరగా ఉంది, ఆపరేషన్ చేయాలన్నారు. ఇంకోచోట స్టెరాయిడ్ స్ప్రే రాశారు. స్టెరాయిడ్ అనేసరికి భయమేసి నాలుగు రోజులు కొట్టి ఆపేశాను, గుణం కూడా కనబడలేదు. మా బావ ఆపరేషన్ చేయించుకున్నా తుమ్ములు మళ్లీ మామూలే. అమ్మేమో పెరుగు, తలస్నానం మానమంటుంది. ఏం చేయాలి? ఇంకో విషయం, మా ఏడేళ్ల పాపకు ఎండాకాలం వస్తే ముక్కు నుంచి రక్తం కారుతుంది. భయపడాల్సిందేనా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

సమాధానం: మీ ఉత్తరంలో జవాబు సగం మీరే రాసేశారు. ‘ఎటు ఒత్తిగిలితే అటువైపు మూసుకుపోతుంది’ అన్నారు చూడండి, ఆ ఒక్క ముక్క నాకు స్కానింగ్ కంటే ఎక్కువ చెప్పింది. దూలం వంకర అనేది ఎముకా మృదులాస్థీ కలిసిన గోడ వంకర. అది ఎడమకు ఉంటే ఎడమవైపే అడ్డంగా ఉంటుంది. మీరు కుడివైపు తిరిగి పడుకున్నంత మాత్రాన కుడివైపుకు జరిగిపోదు. గంటకో వైపు మారే దిబ్బడ గోడది కాదు, లోపలి పొర వాపుది.

ముక్కు లోపల ఒక్కో వైపు గోడకు పై నుంచి కిందికి మూడు కండ మడతలు ఉంటాయి. వీటిని టర్బినేట్లు అంటాం. పీల్చిన గాలిని వెచ్చబరచడం, తేమ పట్టించడం, దుమ్మును జిగురుకు అంటించి ఆపడం వీటి పని. వీటిలో రక్తనాళాలు దండిగా ఉంటాయి. రక్తం నిండితే ఉబ్బుతాయి, తగ్గితే ముడుచుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కొన్ని గంటలు ఒకవైపు కొంచెం ఉబ్బి, తర్వాత రెండోవైపు ఉబ్బుతుంది. మనకు తెలియనే తెలియదు. పడుకుంటే రక్తం తలవైపు ఎక్కువగా చేరుతుంది, కింది వైపున ఉన్న ముక్కుపుటం ఇంకాస్త బిగుస్తుంది. ఎలర్జీ వల్ల అప్పటికే వాచి ఉన్న ముక్కులో ఈ మామూలు మార్పే పెద్ద దిబ్బడగా మారుతుంది.

మీది ఎలర్జీ ముక్కు అనడానికి గుర్తులన్నీ ఉన్నాయి. పొద్దున్నే వరస తుమ్ములు, నీళ్లలాంటి కారుడు, కళ్ల దురద. జ్వరం లేదు, చీమిడి చిక్కగా పచ్చగా లేదు, ఏళ్ల తరబడి ఉంది. దీన్ని జలుబు అనుకుని జలుబు మాత్రలు, యాంటీబయాటిక్‌లు మింగేవాళ్లు చాలామంది. వైరస్ వల్ల వచ్చే జలుబు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. దానికీ యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఎలర్జీకి అసలే అక్కర్లేదు. చీమిడి పచ్చబడినంత మాత్రాన సైనస్‌లో చీము పట్టిందని కూడా కాదు. పది రోజులు దాటినా తగ్గకపోతేనో, కాస్త తగ్గి మళ్లీ ఎక్కువైతేనో, గట్టి జ్వరంతో పాటు బుగ్గల దగ్గర, కళ్ల చుట్టూ నొప్పి ఉంటేనో బ్యాక్టీరియా సైనసైటిస్ అని అనుమానించాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ రోజు మీ ముక్కును మూసేస్తున్నది ఎలర్జీ ఒక్కటే కాదు. దిండు కింద ఉన్న ఆ సీసా.

జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ అనే మందులున్న చుక్కలు ముక్కులోని రక్తనాళాలను బిగించేస్తాయి. నిమిషాల్లో గాలి ఆడుతుంది. అందుకే అంత నమ్మకం కుదురుతుంది. ప్రభావం దిగగానే ఆ నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. ఉబ్బింది కాబట్టి మళ్లీ చుక్కలు, వేశారు కాబట్టి మళ్లీ ఉబ్బు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. మొదట్లో పది గంటలు పనిచేసిన చుక్క తర్వాత ఆరు గంటలు, ఆ తర్వాత మూడు గంటలు. మీ లెక్క కూడా అలాగే దిగివచ్చింది గదా. ఇలా అలవాటు పడిన ముక్కులోకి ఎండోస్కోపు పెట్టి చూస్తే లోపలి పొర ఎర్రగా, బొద్దుగా, గొట్టం జరపడానికి సందు లేనట్టు కనిపిస్తుంది. గట్టి జలుబు చేసినప్పుడు మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడి పక్కన పెట్టాల్సిన మందు ఇది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు అది కూడా అడిగే వాడాలి. మందుల షాపులో అడిగిన వెంటనే దొరుకుతుంది, ఎన్ని రోజులు వాడాలో ఎవరూ చెప్పరు. మా సీమలో చొక్కా జేబులో ఈ సీసా పెట్టుకుని తిరిగేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

మానడం ఎలా? ఒక్కసారిగా రెండువైపులా ఆపితే మొదటి నాలుగైదు రాత్రులు నరకంగా ఉంటుంది, చాలామంది అక్కడే ఓడిపోతారు. నేను చెప్పే పద్ధతి ఇది. ముందు ఒక పక్క, అంటే కుడివైపు పూర్తిగా ఆపండి. ఎడమవైపు మాత్రం రాత్రికి ఒకసారి వేసుకోండి. ఒక ముక్కుతో గాలి ఆడితే మనిషి నిద్రపోగలడు. కుడివైపు వారం పది రోజుల్లో తేరుకుంటుంది. అప్పుడు ఎడమవైపూ ఆపేయండి. కుడివైపు ఆపిన మొదటి రోజు నుంచే రెండువైపులా స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టాలి. తల వైపు రెండు దిండ్లు వేసి ఎత్తు పెట్టుకోండి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం ఈ రోజుల్లో చాలా ఆదుకుంటుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే డాక్టర్ కొద్ది రోజులకు స్టెరాయిడ్ మాత్రలు రాస్తారు. షాపులో అడిగి మీ అంతట మీరు వేసుకోవద్దు. షుగర్ ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

స్టెరాయిడ్ అనగానే భయమేసిందన్నారు. మీ భయం నాకు అర్థమవుతుంది. కీళ్ల నొప్పులకని ఏదో మాత్ర నెలల తరబడి మింగి ముఖం ఉబ్బి, షుగర్ వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ముక్కు స్ప్రే అలాంటిది కాదు. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటి స్ప్రేలలో ఒక్కో నొక్కుకు పడేది సాధారణంగా 50 మైక్రోగ్రాముల మందు. అది కూడా ముక్కు పొర మీదే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రావొచ్చిన ఇబ్బంది కాస్త మంట, ఎండిపోవడం, ఒక్కోసారి రక్తపు చారిక. పిల్లలకు ఏళ్ల తరబడి వాడాల్సి వస్తే మాత్రం మధ్య మధ్య ఎత్తు కొలిచి చూస్తాం. ఇక నాలుగు రోజుల్లో గుణం కనబడలేదన్నారు. కనబడదు. చుక్కల మందులాగా నిమిషాల్లో తెరిచేది కాదిది. వాపును లోపలి నుంచి తగ్గిస్తుంది, పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రోజూ వాడాలి. దిబ్బడ ఉన్న రోజు కొట్టి, లేని రోజు మానేస్తే పని చేయదు.

వాడే తీరు కూడా సరిగ్గా ఉండాలి. చాలామందికి గుణం కనపడకపోవడానికి కారణం ఇదే. ముందు మెల్లగా చీది ముక్కు శుభ్రం చేసుకోండి. సీసా ఆడించండి. తల వెనక్కి వాల్చకుండా కాస్త ముందుకు వంచండి. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో పట్టుకోండి. అప్పుడు సీసా మూతి దానంతటదే బయటికి, అదే వైపు చెవి వైపుకు తిరుగుతుంది. మధ్య గోడ మీద పడకూడదు. పడితే పుండై రక్తం వస్తుంది. ఒక నొక్కు నొక్కి, మెల్లగా గాలి పీల్చండి. గట్టిగా ఎగబీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది, చేదు తగులుతుంది, ముక్కులో ఏమీ మిగలదు. అయ్యాక పది నిమిషాలు చీదకండి.

ఉప్పునీళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక పెద్ద గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లకు అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంట సోడా. అయొడిన్ కలపని ఉప్పయితే మంచిది. మంట పుడితే ఉప్పు కాస్త తగ్గించండి. నీళ్ల విషయంలో మాత్రం ఒక్క మెట్టు కూడా దిగను. బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయొద్దు. సలసల మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి. ఉప్పు లేని వెచ్చటి నీటిలో ఉండే నెగ్లేరియా అనే అమీబా ముక్కు పైభాగం నుంచి మెదడుకు పాకుతుంది. అరుదే, కానీ వస్తే ప్రాణం దక్కడం కష్టం. కేరళలో ఈ మధ్య సంవత్సరాల్లో ఇలాంటి అమీబాల వల్ల మెదడు జ్వరం కేసులు వచ్చాయి. కడిగిన తర్వాత స్ప్రే కొడితే మందు పొరకు బాగా అంటుతుంది.

తుమ్ములకు, దురదకు మాత్రలు ఉన్నాయి. మీరు బండలు కోసే మిషన్ల మధ్య తిరిగే మనిషి కాబట్టి ఒక హెచ్చరిక. పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్రలు గట్టిగా మత్తు తెస్తాయి. సెట్రిజిన్ కూడా కొందరికి నిద్రమబ్బు తెస్తుంది. ఫెక్సోఫెనాడిన్, లోరాటాడిన్ లాంటివి మేలు. ఫెక్సోఫెనాడిన్‌ను పండ్ల రసంతో కాకుండా నీళ్లతోనే మింగండి, రసంతో అయితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. మాత్రలు తుమ్ములను బాగా ఆపుతాయి గానీ దిబ్బడకు అంతగా పనిచేయవు. దిబ్బడకు స్ప్రేనే మందు.

దేనికి మీకు ఎలర్జీ? పొద్దున్నే ఎక్కువ అన్నారు కాబట్టి మొదటి అనుమానం మీ పక్క మీదే. పాత దూది పరుపుల్లో, దిండ్లలో కంటికి కనబడని దుమ్ము పురుగులు ఉంటాయి, వాటి విసర్జనే చాలామందికి ఎలర్జీ తెస్తుంది. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకండి. పాత దిండు మార్చేయండి. మన ఎండ మనకు వరం. పరుపు మేడ మీద ఎండబెట్టి, అక్కడే దులపండి, దులిపే పని మాత్రం ఇంకొకరికి అప్పజెప్పండి. ఇంట్లో పొడి చీపురుతో ఊడవడం కంటే తడి గుడ్డతో తుడవడం మంచిది. బొద్దింకలు కూడా ఎలర్జీ తెస్తాయి. వానలు పడ్డాక బీళ్లలో, రోడ్ల పక్కన తెల్లపూలతో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి ఇంకో కారణం. బుడ్డలు (వేరుశనగ) పీకే రోజుల్లో, కళ్లంలో ఆడించే రోజుల్లో తుమ్ములు ఎక్కువయ్యాయని అనంతపురం పల్లెల నుంచి వచ్చే రైతులు ప్రతి ఏడూ చెబుతారు. మీకు ఏ నెలల్లో ఎక్కువవుతుందో గమనించి రాసిపెట్టుకోండి.

ఇక మీ ఫ్యాక్టరీ దుమ్ము. రాతిపొడి ఎలర్జీ కారకం కాదు, కానీ అప్పటికే వాచిన ముక్కును అది రోజంతా గీకుతుంది. కోసేటప్పుడు నీళ్లు పారుతుంటాయి కాబట్టి దుమ్ము తక్కువే అనిపిస్తుంది. ఆ బూడిదనీళ్ల బురద ఎండాక లారీ చక్రాల కింద పిండై లేస్తుంది, అసలు ఇబ్బంది దానితో. గుడ్డ కట్టుకుంటే అది ఆగదు. ముక్కుకు, బుగ్గలకు అంటుకుని కూర్చునే ఎన్95 మాస్కు కావాలి. ఎండిన చోట నీళ్లు చల్లించమని మీ యజమానిని అడగండి. ఇది మీ ఒక్కరి కోసం కాదు, రాతి దుమ్ము ఏళ్లకేళ్లు పీలిస్తే ఊపిరితిత్తులకే చేటు. ఇంటికి రాగానే ఆ బట్టలు బయటే విప్పి స్నానం చేయండి, పడక గదిలో కొక్కేనికి తగిలించకండి. ఇంకో ప్రశ్న అడగాలి. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం ఉన్నాయా? ఎలర్జీ ముక్కు ఉన్నవాళ్లలో ఆస్తమా కూడా ఉండటం చాలా మామూలు. ఉంటే ఛాతీ పరీక్ష తప్పనిసరి. బీడీ, సిగరెట్ ఉంటే మానేయాలని వేరే చెప్పక్కర్లేదు.

పెరుగు మానక్కర్లేదు. మీ ఎలర్జీకీ పెరుగుకూ సంబంధం లేదు. సంగటిలోకి మజ్జిగ పోసుకోండి, నిశ్చింతగా తినండి. తలస్నానం కూడా మానొద్దు, జుట్టులో చిక్కుకున్న దుమ్ము పోవాలంటే చేయాల్సిందే. చన్నీళ్లు పోసుకోగానే తుమ్ములు వస్తే గోరువెచ్చటి నీళ్లు వాడతానని అమ్మకు చెప్పండి, ఆమె మాటా నిలిచినట్టుంటుంది. వేలకు వేలు పోసి వందల పదార్థాల రక్తపరీక్ష చేయించుకుని, వంకాయ మానండి, వేరుశనగ మానండి అన్న జాబితా తెచ్చుకునేవాళ్లు కనిపిస్తుంటారు. తిండి వల్ల ఇలా ఏళ్ల తరబడి తుమ్ములు మాత్రమే రావడం చాలా అరుదు. పరీక్ష అవసరమైతే చర్మం మీద చేసే చిన్న ప్రిక్ టెస్టు చాలు. మందులతో లొంగని వాళ్లకు దాన్నిబట్టి మూడు నుంచి ఐదేళ్లు ఇమ్యూనోథెరపీ, అంటే ఎలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స ఇస్తారు. మీకు ఇప్పుడే అంత దూరం ఆలోచన అక్కర్లేదు.

ఆపరేషన్ సంగతి. దూలం తిన్నగా ఉన్న మనిషిని వెతకాలంటే కష్టం, కాస్తో కూస్తో వంకర చాలామందికి ఉంటుంది. స్కానింగులో వంకర కనబడటం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. చుక్కల మందుతో వాచిన ముక్కుకు తీసిన స్కానింగ్ చూసి నిర్ణయం తీసుకోవడం నాకు అసలు నచ్చదు. మీ బావకు తుమ్ములు మళ్లీ రావడంలో వింత లేదు. ఆ ఆపరేషన్ గోడను సరిచేస్తుంది, ఎలర్జీని తీసేయదు. అది ఎవరూ ఆయనకు ముందే చెప్పి ఉండకపోవచ్చు. చుక్కలు పూర్తిగా మాని, స్ప్రే సరిగ్గా రెండు నెలలు వాడాక కూడా ఎడమవైపు ఎప్పుడూ ఒకేలా మూసుకుని ఉంటే, అప్పుడు ఆపరేషన్ నిజంగా ఉపయోగపడుతుంది. లోపలి నుంచే చేస్తారు, ముక్కు ఆకారం మారదు. భయపడి వాయిదా వేయాల్సిన పనీ లేదు. ఊళ్లో ఎవరైనా ముక్కులో కండ పెరిగింది, యాసిడ్ పెట్టి కాలుస్తామంటే మాత్రం ఆ గడప తొక్కొద్దు. కాలిన చోట గోడకూ కండకూ అతుక్కుపోయి శాశ్వతంగా మూసుకుపోయిన ముక్కులను బాగు చేయడం చాలా కష్టం.

మరి నిజంగా తిత్తుల్లా పెరిగే పాలిప్స్ ఉంటే? అవి లేత బూడిద రంగులో, ద్రాక్షపండు తొక్క తీసినట్టు మెరుస్తుంటాయి. తాకితే నొప్పి ఉండదు, వాసన పోతుంది. సాధారణంగా రెండువైపులా వస్తాయి. వాటికీ మొదటి మందు స్టెరాయిడ్ స్ప్రేనే. లొంగకపోతే ఎండోస్కోపీతో తీస్తారు, తీశాక కూడా స్ప్రే ఆపకూడదు, ఆపితే మళ్లీ పెరుగుతాయి. మీకు తాలింపు వాసన తెలుస్తోందా లేదా చూసుకోండి. తెలియకపోతే డాక్టర్‌కు ఆ మాట చెప్పండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఒకే వైపు దిబ్బడ, ఆ వైపు నుంచే మాటిమాటికీ రక్తం. తలకు దెబ్బ తగిలాక వంగినప్పుడు ఒక ముక్కు నుంచి ధారగా నీళ్లు. చెరువుల్లో ఈదే అలవాటున్నవాళ్లకు ముట్టుకుంటే రక్తం కారే ఎర్రటి గడ్డ. షుగర్ అదుపులో లేనివాళ్లకు ముఖం ఒకవైపు వాపు, ముక్కులో నల్లటి చెక్కు, ఒకే వస్తువు రెండుగా కనబడటం. ఈ చివరిది 2021లో కరోనా రెండో దశలో అందరినీ భయపెట్టిన బ్లాక్ ఫంగస్. ఇది కనబడితే గంటలు లెక్కపెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాలి. అనంతపురం, కర్నూలు సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నాయి. మీకు దగ్గర అనంతపురమే. మీ ఎలర్జీకి కూడా అక్కడే ఎండోస్కోపీ చేయించుకోవచ్చు. వెళ్లేటప్పుడు స్కానింగుతో పాటు ఆ చుక్కల సీసా కూడా తీసుకెళ్లి చూపించండి. ఎన్నాళ్లుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి.

పాప గురించి భయపడకండి. మన ఎండకు, వేడిగాలికి ముక్కు ముందు భాగంలో గోడ మీది సన్నని పొర ఎండి చెక్కు కడుతుంది. పిల్లలు దాన్ని వేలితో గీకుతారు, రక్తం వస్తుంది. తొంభై శాతం పైగా కారుడు ఆ చిన్న చోటు నుంచే. వచ్చినప్పుడు తల వెనక్కి వాల్చి, నెత్తిన నీళ్లు పోయడం మన దగ్గర అలవాటు. అలా చేస్తే రక్తం గొంతులోకి పోయి, కడుపులో తిప్పి వాంతవుతుంది, ఆ వాంతిలో రక్తం చూసి ఇంట్లో అందరికీ ఇంకా టెన్షన్. పాపను కూర్చోబెట్టి తల ముందుకు వంచండి. ముక్కు పైన ఎముక దగ్గర కాదు, కింద మెత్తటి భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో రెండువైపులా కలిపి గట్టిగా నొక్కి పట్టుకోండి. గడియారం చూసి పది నిమిషాలు, మధ్యలో ఆగిందా అని వదిలి చూడకుండా. నోటితో గాలి పీల్చమనండి, గొంతులోకి వచ్చిన రక్తం మింగకుండా ఉమ్మేయమనండి. ఆగకపోతే ఇంకో పది నిమిషాలు నొక్కండి. అప్పటికీ ఆగకపోతే, ఒంటి మీద కమిలిన మచ్చలు కూడా ఉంటే, చిగుళ్ల నుంచి కూడా రక్తం వస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగతా రోజుల్లో గోళ్లు పొట్టిగా కత్తిరించండి, ఎండాకాలమంతా పడుకునే ముందు చిటికెన వేలితో ముక్కు అంచు లోపల కొద్దిగా వాజిలిన్ రాయండి. ఒక ముక్కు నుంచే వాసన వేసే చీమిడి వస్తుంటే లోపల బుడ్డ గింజో, చింతపిక్కో, బలపం ముక్కో ఇరుక్కుని ఉందేమో చూపించండి. మీరే పుల్లతో తీయబోతే అది ఇంకా లోపలికి పోతుంది. బొత్తాంలాంటి చిన్న బ్యాటరీ పెట్టుకుందని అనుమానం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, కొన్ని గంటల్లోనే అది లోపలి గోడను కాల్చేస్తుంది.